ఏడు రోజుల్లో ఐస్‌లాండ్: పెద్దవాళ్లతో, పాపతో రింగ్ రోడ్డు మొత్తం తిరగొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెప్టెంబర్ నెలాఖర్లో హైదరాబాద్ నుంచి ఏడు రోజులకు ఐస్‌లాండ్ వస్తున్నారు. మీరిద్దరూ, ఎనిమిదేళ్ల పాప, అరవై దాటిన అమ్మానాన్నలు. కారు అద్దెకు తీసుకుని దీవి చుట్టూ తిరగాలి, నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో ఆడే రంగుల కాంతులు) చూడాలి, కుదిరితే లావా, ఐస్ కేవ్ కూడా చూడాలి. అగ్నిపర్వతాలు వరసగా బద్దలవుతున్నాయి కాబట్టి భయమా అని ఒక అనుమానం. పెద్దవాళ్లు శాకాహారులు, తిండి ఎలా అని ఇంకొకటి.

సూటిగా చెప్తాను. ఏడు రోజులకు రింగ్ రోడ్డు, అంటే దీవి చుట్టూ తిరిగే రోడ్డు, పెట్టుకోవద్దు. రాజధాని రేక్యావిక్ నుంచి దక్షిణ తీరం వెంబడి యోకుల్‌సార్లోన్ మంచు సరస్సు దాకా వెళ్లి, అదే దారిన వెనక్కి రండి. మధ్యలో ఒక రోజు ఏమీ రాసుకోకుండా ఖాళీగా ఉంచండి. అగ్నిపర్వతం గురించి భయపడక్కర్లేదు. భయపడాల్సింది గాలికీ, అలలకీ. నార్తర్న్ లైట్స్‌కి మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిది. ఐస్ కేవ్ సంగతి కింద విడిగా చెప్తాను.

నేను విశాఖలో జియాలజీ చదివి, తిరిగి తిరిగి ఇక్కడికి చేరి, దక్షిణ తీరంలో చిన్న వ్యాన్‌లో టూరిస్టులను తిప్పే పని చేస్తున్నాను. ఈమధ్య మనవాళ్లు బాగా వస్తున్నారు. అందరి చేతిలోనూ ఒకటే జాబితా, పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి. ఇక్కడ జాబితా రాసేది మీరు కాదు, వాతావరణం. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

రింగ్ రోడ్డు ఎందుకు వద్దంటున్నానంటే

దాని పొడవు సుమారు 1,300 కిలోమీటర్లు. ఏడు రోజులకు పంచితే రోజుకు రెండొందలు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ వచ్చిన రోజు, వెళ్లే రోజు తీసేయండి. మిగిలేవి ఐదు. తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 90, కంకర రోడ్డు మీద 80. దారిలో ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు వస్తాయి, ఎదుటివాడు దాటేదాకా ఆగాలి. పైగా ప్రతి పావుగంటకీ కారు ఆపాలనిపించే చోటు ఒకటి వస్తుంది. ఒక్క పూట గాలి లేచి రోడ్డు మూసేశారంటే ఆ వెనకాల బుక్ చేసుకున్న గదులన్నీ వరసగా పోతాయి. రింగ్ రోడ్డు వేసుకున్నవాళ్లకు వెనక్కి తిరిగే దారి ఉండదు, ముందుకే పోవాలి. మీతో పెద్దవాళ్లు ఉన్నారు, పాప ఉంది.

ఉత్తరాన మీవాత్న్ సరస్సు, బుడగలు కక్కే బురద గుంటల హ్వేరిర్, వంద మీటర్ల వెడల్పున నలభై అయిదు మీటర్ల లోతుకు దూకే దెత్తిఫాస్, తిమింగలాల హూసావిక్ ఉన్నాయి. గొప్పవే, కాదనను. వాటికి పది రోజులుంటే రండి. కారు కిటికీలోంచి చూసిన దెత్తిఫాస్ కన్నా చూడని దెత్తిఫాసే నయం.

ఇంతకీ ఈ దీవి ఎందుకిలా ఉంది?

ఇది తెలిస్తే చూసే చోటల్లా ఒకదానికొకటి ముడిపడి కనిపిస్తుంది. లేకపోతే అన్నీ ఫొటోలే. అట్లాంటిక్ సముద్రం నట్టనడుమ, అడుగున, ఉత్తర దక్షిణాలుగా ఒక పర్వత శ్రేణి ఉంది. భూమి పైపొర పెద్ద పెద్ద ఫలకాలుగా ఉంటుంది. వాటిలో ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం అక్కడ విడిపోతున్నాయి, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు. ఆ చీలికలోంచి పైకొచ్చిన శిలాద్రవం చల్లారి కొత్త నేల అవుతుంది. మామూలుగా ఇదంతా సముద్రం అడుగునే జరిగిపోతుంది. ఐస్‌లాండ్ కింద మాత్రం భూమి లోతుల్లోంచి అదనంగా వేడి ఎగదన్నుకొస్తోంది. అందుకే ఇక్కడ ఆ శ్రేణి నీళ్లపైకి తేలింది.

ఈ నల్లరాయి మనకు కొత్తదేం కాదు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నేలంతా దక్కన్ లావా పరిచిన బసాల్టే. రాజమండ్రి దగ్గర పంగిడి, కాటేరు క్వారీల్లో ఉన్నదీ ఆ కాలపు లావానే. అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. ఐస్‌లాండ్‌లో అన్నిటికన్నా పాత రాయికి 1.6 కోట్ల ఏళ్లు. మన దగ్గర కథ ఎప్పుడో ముగిసి నల్లరేగడి అయింది. ఇక్కడ ఇంకా నడుస్తోంది. మీ నాన్నగారు వ్యవసాయం తెలిసినవారైతే ఈ మాట చెప్పి చూడండి, రెండో రోజు నుంచి ఆయనే రాళ్లు ఏరుతారు. (ఏరనిచ్చి, చూశాక అక్కడే పెట్టించండి. ఇంటికి పట్టుకెళ్లకూడదు.)

గోల్డెన్ సర్కిల్: ఒక రోజు నిండుగా

గోల్డెన్ సర్కిల్ అంటే రేక్యావిక్ నుంచి మూడు చోట్లు చూసొచ్చే చుట్టుదారి. మొదట థింగ్‌వెట్లిర్ లోయ. క్రీ.శ. 930లో ఐస్‌లాండ్ జనం తమ సభ మొదలుపెట్టింది ఇక్కడే. 2004లో యునెస్కో జాబితాలో చేరింది. నిటారు రాతి గోడల మధ్య నడిచే దారి పెద్దవాళ్లకు బాగానే ఉంటుంది. సెప్టెంబర్ చివర్లో పొట్టి బర్చ్ పొదలు ఎర్రగా, పసుపుగా మారి నేలంతా నిప్పు అంటుకున్నట్టుంటుంది. "ఒక కాలు అమెరికాలో, ఒక కాలు యూరప్‌లో" అని ఫొటో తీయించే గైడ్లు ఉంటారు. తీయించుకోండి, సరదాగా ఉంటుంది. నిజానికి రెండు ఫలకాల మధ్య హద్దు ఒక గీత కాదు, కిలోమీటర్ల వెడల్పున కుంగిన లోయ మొత్తం ఆ హద్దే. మీరు నిలబడేది ఆ లోయలో.

తర్వాత స్ట్రొక్కుర్ అనే వేడినీటి ఊట. ఆరు నుంచి పది నిమిషాలకోసారి వేడినీరు పదిహేను, ఇరవై మీటర్లు పైకి చిమ్ముతుంది, ఒక్కోసారి ఇంకా ఎత్తుకు. జనమంతా ఫోను పైకెత్తి ఆకాశం కేసి చూస్తుంటారు. మీరు గుంట కేసి చూడండి. నీటిమట్టం ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ ఆడుతుంది. చిమ్మే ముందు, ఒక్క క్షణం, నీళ్ల మధ్యలోంచి నీలిరంగు బుడగ ఒకటి గుండ్రంగా ఉబ్బుతుంది. దాని లోపల ఆవిరి తెల్లగా కదలడం కూడా కనిపిస్తుంది. అంతే, పగులుతుంది. కారణం తేలికే: లోతున ఉన్న నీటి మీద పైనున్న నీటి బరువు పడుతుంది కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగదు. పైన కాస్త పొంగి బరువు తగ్గగానే కిందున్నదంతా ఒక్కసారిగా ఆవిరై తన్నుతుంది. పాపకు ఇది చూపించి చెప్పండి, స్కూల్లో చెప్పుకుంటుంది. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ఆ వైపే నిలబడండి, లేకపోతే తడుస్తారు. తాడు దాటి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. నేల గట్టిగా కనిపిస్తుంది, కింద మరిగే నీళ్లుంటాయి.

గుల్‌ఫాస్ జలపాతం అక్కడికి పది నిమిషాల దారి. పైనుంచి చూస్తే చాలు. కింది కాలిబాట తుంపరతో జారుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను దింపకండి.

దక్షిణ తీరం: మీ అసలు ప్రయాణం

సెల్యాలాండ్స్‌ఫాస్ అరవై మీటర్ల ధార. దీని ప్రత్యేకత ఏమిటంటే జలపాతం వెనకనుంచి నడిచి అవతలికి రావొచ్చు. గొడుగు పనికిరాదు. అసలు ఐస్‌లాండ్‌కి గొడుగే తేవద్దు, గాలికి రెండు నిమిషాల్లో ఊచలు మిగులుతాయి. వానకోటుతోపాటు వాన ప్యాంటు కూడా ఉండాలి. ఇక్కడ జీన్స్ తడిస్తే ఆ రోజంతా చలే. పెద్దవాళ్లను ముందువైపే నిలబెట్టండి. స్కోగాఫాస్ కూడా అంతే ఎత్తు, కానీ దాని అడుగు దాకా చదును నేల. అమ్మగారు నీళ్ల దగ్గరకు నడిచి వెళ్లగల చోటు అదే. ఎండ కాస్తే ఇంద్రధనుస్సు దాదాపు ఖాయం. పక్కనున్న ఐదొందల పైచిలుకు మెట్లు మీరూ మీ ఆవిడా వంతులవారీగా ఎక్కండి.

ఇక రేనిస్‌ఫ్యారా, నల్ల ఇసుక తీరం. ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. నేను టూరిస్టులతో కటువుగా మాట్లాడే ఏకైక చోటు ఇది. ఇన్నేళ్లలో ఇక్కడ కొట్టుకుపోయి చనిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒక చిన్నపాప కూడా ఉంది. అలలు చూడ్డానికి మామూలుగానే వస్తాయి. ఐదో, పదో చిన్న అలలు. ఈలోగా జనం ధైర్యం తెచ్చుకుని తడి ఇసుక దాకా దిగుతారు. అప్పుడు ఒకటి వస్తుంది, ముందువాటికన్నా ఇరవై ముప్ఫై మీటర్లు లోపలికి. దక్షిణంగా ఇక్కణ్నుంచి మహాసముద్రమే తప్ప అల బలాన్ని విరిచే నేల ఏదీ లేదు. తీరం దగ్గర నీటి అడుగు నిటారుగా పడిపోతుంది. వెనక్కి లాగే నీరు మీ కాళ్ల కింది ఇసుకను కూడా లాగేస్తుంది. మన రామకృష్ణా బీచ్‌లో పాదాలు తడుపుకున్నట్టు ఇక్కడ కుదరదు.

పైన పార్కింగ్ దగ్గర హెచ్చరిక లైట్లు పెట్టారు. ఎర్ర లైటు వెలిగితే ఇసుకలోకి అసలు దిగొద్దు. వెలగకపోయినా పొడి ఇసుక మీదే ఉండండి, సముద్రానికి వీపు చూపించి ఫొటో దిగొద్దు, పాప చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం సముద్రం వైపు వెనక్కి నడిచే అలవాటు మనవాళ్లలో ఎక్కువ, అందుకే ఇంత చెప్తున్నాను. అలలు పెద్దగా ఉన్న రోజు దిర్‌హోలాయ్ కొండ మీదికి కారులో వెళ్లిపోండి. లైట్‌హౌస్ దగ్గర్నుంచి ఆ నల్ల తీరమంతా, సముద్రంలో నిలబడ్డ రాతి కొమ్ములూ పైనుంచి ఇంకా బాగా కనిపిస్తాయి. పఫిన్ పక్షుల కోసం మాత్రం చూడకండి. అవి ఆగస్టు ఆఖరుకే సముద్రంలోకి వెళ్లిపోతాయి, మళ్లీ వచ్చేది ఏప్రిల్‌లోనే.

తీరంలో చెక్కినట్టుండే ఆరు పలకల రాతి స్తంభాలు ఎవరూ చెక్కినవి కావు. లావా నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు పడ్డ పగుళ్లవి. ఎంత నిదానంగా చల్లారితే అంత తీరుగా వస్తాయి. రేక్యావిక్‌లో హాల్‌గ్రిమ్స్ చర్చి ముఖద్వారం చూసినప్పుడు ఈ స్తంభాలు గుర్తొస్తాయి.

రాత్రి బసకు వీక్ ఊరు బాగుంటుంది. వీక్ వెనక మంచు టోపీ కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉంది. చివరిసారి పెద్దగా బద్దలైంది 1918లో. మళ్లీ లేస్తే కరిగిన మంచు వరదై సముద్రం దాకా వస్తుంది. అందుకని ఊరివాళ్లు గుట్ట మీదున్న చర్చికి చేరుకోవాలని ముందే అనుకుని, అప్పుడప్పుడు డ్రిల్ కూడా చేస్తారు. మీకు ఫోనుకు మెసేజ్ వస్తే మీరూ అటే.

వీక్ దాటాక గంట దారిలో ఎల్ద్‌హ్రోయ్న్ వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర పచ్చటి నాచు దిండ్లు పరిచినట్టు. అది 1783లో లాకీ అనే చోట నేల పగిలి కక్కిన లావా. జూన్‌లో మొదలై ఎనిమిది నెలలు సాగింది. లావా కన్నా దాని విషవాయువులు ఎక్కువ చంపాయి. గడ్డి పాడైంది, పశువులు చచ్చాయి, ఆ వెనక వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతుకు పైగా పోయారు. ఆ నాచు మీద కాలు పెట్టకండి. ఒక్క అడుగు ముద్ర మానడానికి దశాబ్దాలు పడుతుంది. గుర్తుపెట్టిన బాట మీద నుంచి చూడండి, చాలు.

ఇంకా ముందుకు పోతే స్కేయ్‌దారార్‌సాందుర్ అని నల్ల మైదానం. స్కాఫ్తాఫెల్‌కి దగ్గర్లో రోడ్డు పక్కన వంకర తిరిగిన రెండు ఇనుప దూలాలు ఉంటాయి. చాలామంది చూసి కూడా ఆగరు. నేను తప్పకుండా ఆపుతాను. 1996 శరదృతువులో వాత్నాయోకుల్ అనే పెద్ద హిమానీనదం మంచు కింద అగ్నిపర్వతం లేచింది. కరిగిన నీరు నెలరోజులు మంచు కింద సరస్సులో నిండి, నవంబర్‌లో ఒక్కసారిగా బయటపడింది. ఉధృతి సెకనుకు దాదాపు 45,000 ఘనపు మీటర్లు, అంటే మన లెక్కలో పదహారు లక్షల క్యూసెక్కులకు దరిదాపు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షల దగ్గర. గోదావరికి అంత నీరు రావాలంటే సగం దక్కన్ మీద వానలు పడాలి. ఇక్కడ ఒక మంచుగడ్డ కిందనుంచి, అదీ కొన్ని గంటల్లో వచ్చేసింది. వంతెన కొట్టుకుపోయింది, ఈ దూలాలు దానివే. గోదావరి ఒడ్డున పుట్టిన ఒక పెద్దాయన వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో తట్టి చూసి, ఆ రోజు మిగతా చోట్లు అక్కర్లేదన్నారు.

అక్కణ్నుంచి గంటలోపు యోకుల్‌సార్లోన్. హిమానీనదం వెనక్కి తగ్గేకొద్దీ ఏర్పడి, ఇప్పటికీ పెరుగుతున్న సరస్సు. దాదాపు 250 మీటర్ల లోతు. వందేళ్ల కిందట ఇక్కడ సరస్సే లేదు, మంచు దాదాపు సముద్రం దాకా ఉండేది. విరిగిపడ్డ మంచుకొండలు తేలుతూ వంతెన కిందనుంచి సముద్రంలోకి పోతాయి, అలలు వాటిని తిరిగి నల్ల ఇసుక మీదికి విసురుతాయి. అదే డైమండ్ బీచ్. ఏ రోజు ఎన్ని ముక్కలుంటాయో ఆ రోజు గాలీ ఆటుపోట్లూ చెప్పాలి. ఖాళీగా ఉంటే తిట్టుకోకుండా అవతలి ఒడ్డు కూడా చూడండి. ఒకవైపు లేనిది తరచుగా రెండోవైపు ఉంటుంది. మంచు నీలంగా ఎందుకుందని పాప అడుగుతుంది: గాలి బుడగలు నలిగిపోయిన గట్టి మంచు ఎరుపు వెలుగును తినేసి నీలాన్ని వదుల్తుంది. తేలే మంచు మీదికి ఎక్కడం ప్రాణాంతకం, అది ఎప్పుడు తిరగబడుతుందో తెలీదు. పెద్దవాళ్లకు పడవ షికారు హాయిగా ఉంటుంది.

ఐస్ కేవ్: సరస్సు వైపు సహజమైన నీలి గుహలు చలికాలానివి, సుమారు నవంబర్ నుంచి మార్చి దాకా. వేసవి వేడికి మంచు బలహీనపడుతుంది. 2024 ఆగస్టులో అక్కడే మంచు కూలి ఒక టూరిస్టు చనిపోయాడు. కాబట్టి సెప్టెంబర్‌లో ఎవరైనా "మేం చూపిస్తాం" అంటే, ఎక్కడిది, ఎవరు రోజూ తనిఖీ చేస్తారు అని గట్టిగా అడగండి. మీరున్న పరిస్థితికి నా సలహా: గుహ వదిలేసి, స్కాఫ్తాఫెల్‌లో గైడ్‌తో హిమానీనదం మీద తేలికపాటి నడక. మీరూ మీ ఆవిడా వెళ్లొచ్చు. పాప వయసు కంపెనీని బట్టి, కొందరు ఎనిమిదికి ఒప్పుకుంటారు, కొందరు పది అంటారు.

అగ్నిపర్వతం మాట

మీరు వార్తల్లో చూసేది రేక్యానెస్ ద్వీపకల్పం, అంటే ఎయిర్‌పోర్ట్ ఉన్న వైపు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల విరామం తర్వాత 2021 మార్చిలో అక్కడ లావా మళ్లీ పైకొచ్చింది. 2023 నవంబర్ 10న గ్రిందావిక్ ఊరిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 2024 జనవరిలో లావా కొన్ని ఇళ్లను తినేసింది. ఊరివాళ్లకు అది ఇంకా మానని గాయం. అక్కడికి వెళ్తే దయచేసి ఇళ్ల ముందు నవ్వుతూ ఫొటోలు దిగకండి.

విమానాలకు 2010లోలాగా అవుతుందా అంటే, ఈ తరహా విస్ఫోటనాల్లో కష్టం. ఆ ఏడాది ఎయాఫ్యాత్లాయోకుల్ అనే అగ్నిపర్వతం మంచు కింద పేలింది. శిలాద్రవం మంచునీటికి తగిలి సన్నటి బూడిదై ఆకాశానికెగిరింది, యూరప్‌లో దాదాపు లక్ష విమానాలు ఆగాయి. రేక్యానెస్‌లో మంచు లేదు. పగులు తెరుచుకుని లావా పారుతుంది, బూడిద తక్కువ. దేశం మామూలుగానే నడుస్తుంటుంది. బ్లూ లగూన్ మాత్రం దగ్గర్లో ఉంది కాబట్టి మూసి తెరుస్తుంటారు. అది నిజానికి స్వార్ట్సెంగీ భూతాప విద్యుత్ కేంద్రం నుంచి వదిలిన నీటితో ఏర్పడిన మడుగు. బుక్ చేస్తే డబ్బు వాపసు షరతు చూసుకోండి.

మీరు వచ్చినప్పుడు లావా పారుతుంటే, అధికారులు తెరిచిన చోటి నుంచే చూడండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే గాలి దిశ చూడకుండా వెళ్లొద్దు, సల్ఫర్ డయాక్సైడ్ గొంతు పట్టేస్తుంది. పైన నల్లగా గట్టిపడ్డట్టు కనిపించే లావా లోపల ఇంకా పారుతూ ఉండొచ్చు, దాని మీద నడవొద్దు. ఏమీ పారకపోతే వీక్‌లో "లావా షో" ఉంది. పాత లావాను మళ్లీ 1,100 డిగ్రీలకు కరిగించి మీ కళ్లముందు పోస్తారు. కాస్త ఖరీదే, కానీ మోకాళ్ల నొప్పులున్న తాతకూ ఎనిమిదేళ్ల మనవరాలికీ ఒకేసారి నచ్చే చోటు నాకు ఇంకోటి తెలీదు.

నార్తర్న్ లైట్స్

సెప్టెంబర్ చివర రాత్రి బాగా చీకటిగా ఉంటుంది, పగలు కూడా పన్నెండు గంటలకు దగ్గరగా దొరుకుతుంది. పైగా విషువత్తుల దగ్గర, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, ఈ కాంతులు కాస్త ఎక్కువ. ఈ కాంతుల బలాన్ని అంచనా వేసే కేపీ సంఖ్య (సున్నా నుంచి తొమ్మిది) రెండు, మూడున్నా ఇక్కడ కనిపిస్తుంది. అసలు శత్రువు మబ్బు. వాతావరణ శాఖ సైటు వెదుర్ డాట్ ఐఎస్‌లో మబ్బుల మ్యాప్ చూడండి. ఆ మ్యాప్‌లో ఆకుపచ్చ అంటే మబ్బు, తెలుపు అంటే ఖాళీ ఆకాశం. పచ్చగా ఉన్నచోటల్లా నార్తర్న్ లైట్స్ ఉన్నాయనుకుని గంట దూరం డ్రైవ్ చేసి మబ్బు కిందికి చేరినవాళ్లు చాలామంది.

మొదట కంటికి అది బూడిదరంగు మబ్బుపొరలాగే ఉంటుంది. ఫోను కెమెరాలో మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి ఫొటో తీయండి, పచ్చగా వస్తే అదే. ఊరి దీపాలకు దూరంగా ఉన్న ఇంట్లో బస చేస్తే పెద్దవాళ్లు గుమ్మంలో దుప్పటి కప్పుకుని చూడొచ్చు, అర్ధరాత్రి రోడ్డున పడక్కర్లేదు. మన ఊరి మంకీ క్యాప్ ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సిగ్గుపడక్కర్లేదు.

గాలి, కారు

గాలి వేగం ఇక్కడ సెకనుకు మీటర్లలో చెప్తారు. 15 అంటే గంటకు 54 కిలోమీటర్లు, 20 అంటే 72. పదిహేను దాటితే ఎత్తైన బండి వద్దు, ఇరవై దాటితే ప్రయాణమే మానుకోండి. ఆ ఖాళీ రోజు పెట్టమన్నది ఇందుకే. తెలిసిన ఒక కుటుంబం పార్కింగ్‌లో తలుపు తీయగానే గాలి దాన్ని ముందుకు విరిచేసింది. ఇన్సూరెన్స్‌లో అది రాదని తర్వాత తెలిసింది. చాలా పాలసీల్లో రాదు. కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, రెండు చేతులతో తలుపు పట్టుకుని తీయండి, ఒకరు దిగి మూసాక ఇంకొకరు. పాప తలుపు మీరే తీయాలి.

ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లు ఫోర్ వీల్ డ్రైవ్ లేనిదే నిషిద్ధం, మీకు అవసరమూ లేదు. రోడ్డు దిగి నేల మీద నడిపితే భారీ జరిమానా. మన ఇంగ్లిష్ లైసెన్సు చెల్లుతుంది, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉంటే మంచిది. స్టీరింగ్ ఎడమవైపు, బండి కుడివైపు పోవాలి. పగలు కూడా లైట్లు వేసుకునే నడపాలి. చాలా పెట్రోల్ బంకుల్లో మనిషి ఉండడు, పిన్ నంబరున్న కార్డు కావాలి. సెప్టెంబర్‌లో కొండల మీది గొర్రెలను కిందికి తోలుకొస్తారు. మంద ఎదురైతే ఇంజన్ ఆపి చూస్తూ కూర్చోండి, అది టికెట్ లేని వినోదం.

రోజూ పొద్దున వాతావరణంతోపాటు సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్ కూడా చూడండి. ఆపద వస్తే 112.

తిండి, నీళ్లు, స్నానం

వంటిల్లున్న ఇళ్లు తీసుకోండి. బోనుస్, క్రోనన్ దుకాణాల్లో బియ్యం, పప్పు, కూరగాయలు దొరుకుతాయి. దక్షిణ తీరం బయల్దేరే ముందు సెల్‌ఫాస్ ఊళ్లో కొనేయండి, ముందుకు పోయేకొద్దీ ధరలు కొరుకుతాయి. పొడులు, ఊరగాయ తెచ్చుకోండి. పచ్చిమాంసం తేకూడదు, అది మీకు సమస్య కాదు. ఇక్కడి స్కిర్ గడ్డపెరుగులా ఉంటుంది. కాస్త నీళ్లు కలిపి అన్నంలో తింటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. కొన్ని రకాల్లో జంతు రెన్నెట్ (దూడ పొట్ట నుంచి తీసే, పాలు గడ్డకట్టించే పదార్థం) వాడతారు, నిష్ఠ ఉన్నవాళ్లయితే లేబుల్ చూడాలి. సీసా నీళ్లు కొనొద్దు, చన్నీళ్ల కొళాయి నీరు చక్కగా తాగొచ్చు. వేడినీళ్ల కొళాయి చాలాచోట్ల కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. భూమిలోంచి వచ్చే గంధకం అది, స్నానానికి హాని లేదు. కాఫీకి మాత్రం చన్నీళ్లు పట్టి కాచుకోండి.

ఆ గంధకం వల్లే ఇంకో సంగతి: వెండి నల్లబడుతుంది. అమ్మగారి మెట్టెలు, పాప పట్టీలు వేడినీటి కొలనులో దిగే ముందు తీసేయమనండి. మెట్టెలు తీయనంటే బలవంతపెట్టకండి, ఇంటికెళ్లి విభూతితో తోమితే వస్తాయి. బంగారానికి ఏమీ కాదు.

ప్రతి చిన్న ఊళ్లోనూ మున్సిపాలిటీ వేడినీటి ఈతకొలను ఉంటుంది, బ్లూ లగూన్‌లో పదో వంతు ఖర్చు. దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయడం నియమం, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు గదులు. మనవాళ్లు ఇక్కడే వెనక్కి తిరిగిపోతుంటారు. చాలాచోట్ల తెర ఉన్న షవర్ ఒకటైనా ఉంటుంది, అడిగితే చూపిస్తారు. నాన్నగారి నడుముకి ఆ వేడి చాలా మంచిది.

షెంగెన్ వీసా కావాలి, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. అమెరికా గ్రీన్ కార్డున్నా, భారత పాస్‌పోర్టైతే తీసుకోవాల్సిందే. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు, కాబట్టి మే, జూన్‌లోనే మొదలుపెట్టండి. గదులు మాత్రం ఉచితంగా రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి. వీక్ వైపు రెండు రాత్రులు, యోకుల్‌సార్లోన్ దగ్గర ఒకటి, మిగతావి సెల్‌ఫాస్, రేక్యావిక్ మధ్య సర్దుకోవచ్చు. ఆఖరి రాత్రి ఎయిర్‌పోర్ట్‌కి గంటలోపు దూరంలో ఉండాలి. తేదీలు ఖాయమయ్యాక గదుల జాబితా ఇక్కడే పెట్టండి, ఏ రోజు ఏది ముందుకీ వెనక్కీ జరపొచ్చో చూసి చెప్తాను.